అరకు దారిలో అర ఎకరం, పట్టా గిరిజనుడి పేరు మీదే: కొనవచ్చా?

సాగరతీరం
అందరికీ నమస్కారం. నాది విశాఖపట్నం, బ్యాంకు ఉద్యోగం, ఇంకో నాలుగేళ్ళలో పదవీ విరమణ. అనంతగిరి దాటాక, రోడ్డుకు కూతవేటు దూరంలో అర ఎకరం ఉందని తెలిసినాయన ఒకరు తీసుకెళ్ళి చూపించారు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ, పక్కనే గెడ్డ (కొండవాగు). చూడగానే మనసు పడ్డాను. ధర చూస్తే విశాఖలో చిన్న ఫ్లాటుకు అయ్యేదానిలో పదో వంతు కూడా లేదు. అంత తక్కువెందుకని అడిగితే "ఏజెన్సీ కదండీ, రిజిస్ట్రేషన్ ఉండదు" అన్నారు. పట్టా గిరిజనుడి పేరు మీదే ఉంటుందట. మనకు స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు, తొంభై తొమ్మిదేళ్ళకు లీజు కాగితం రాసిస్తారట. పాసుపుస్తకం కూడా మన చేతికే వస్తుందట. ఇరవై వేలు బయానా ఇచ్చేశాను. మా ఆవిడకు మాత్రం ఇది నచ్చలేదు. ఇలా కొన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? తర్వాత ఏమైనా ఇబ్బంది వస్తుందా?

నల్లకోటు
మీ ఆవిడ మాట వినండి.

అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. ఆ ఏడాది వచ్చిన మొదటి రెగ్యులేషన్ కాబట్టి దానికి 1/70 అన్న పేరు పడింది. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనుడికి గాని, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గాని తప్ప మరొకరికి బదిలీ అయితే ఆ బదిలీ చెల్లనే చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా అంతే. ఇక మీ లీజు కాగితం సంగతి. "బదిలీ" అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థంలో అమ్మకం, తాకట్టు, దానం, లీజు అన్నీ ఉన్నాయి. చివరికి ఆ భూమి మీద రాసుకున్న ఒప్పందం కూడా అందులోకే వస్తుంది. అంటే మీ స్టాంపు పేపరు మీకు రక్షణ కాదు, మీ మీద సాక్ష్యం.

గట్టుదారి
వకీలు గారు పుస్తకంలో ఉన్నది చెప్పారు. నేను కళ్ళతో చూసేది చెబుతాను. అరకు నుంచి లంబసింగి దాకా ఎన్ని లాడ్జీలు, ఎన్ని గుడారాల క్యాంపులు ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. పేరు ఎవరిదో, పెట్టుబడి ఎవరిదో ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. మనిషి మంచివాడైతే కాగితం అక్కర్లేదు. గిరిజనులు మాట తప్పరు.

నల్లకోటు
వాళ్ళు మాట తప్పరన్న నమ్మకం మీదే కదా ఈ వ్యాపారమంతా నడుస్తున్నది.

పాత తాలూకా
రెవెన్యూలో ముప్పై మూడేళ్ళు చేసి దిగిపోయినవాణ్ణి. అందులో కొంతకాలం ఏజెన్సీలో. సాగరతీరం గారూ, మీ పోస్టులో నన్ను ఆపింది ధర కాదు. "పాసుపుస్తకం మన చేతికే వస్తుంది" అన్న ముక్క.

భూబదలాయింపు రెగ్యులేషన్ (ఎల్‌టీఆర్) కేసు ఒకదాని విచారణకు ఒక సంత ఊరికి వెళ్ళాం. ఊరు పేరు చెప్పను. షావుకారు కొట్లో బియ్యం బస్తాల వెనక ఇనుప పెట్టె ఉంది. తెరిపించాం. నగలుంటాయేమో అనుకున్నాను. పాసుపుస్తకాలు. రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టారు, ఒక్కో కట్ట మీద ఊరి పేరు రాసిన చీటీ. రేషన్ కార్డులు కూడా కొన్ని. ఒక పుస్తకం తీసి పట్టాదారును పిలిపించాం. అరవై ఏళ్ళుంటాయి, భుజం మీద గొడ్డలి తగిలించుకుని వచ్చాడు. "ఎంత బాకీ?" అని అడిగాం. ఆయన షావుకారు వైపు చూశాడు. షావుకారు ఖాతా తిప్పి ఒక అంకె చెప్పాడు. ఈయన తలూపాడు. ఎప్పుడు తీసుకున్నావంటే పెద్దమ్మాయి పెళ్ళికి అన్నాడు. ఆ పెద్దమ్మాయి కొడుకే ఆ రోజు ఆయన వెంట వచ్చాడు, మీసాలొచ్చిన కుర్రాడు. మధ్యలో ఏటా ఆయన పండించిన పసుపు, పిప్పళ్ళు, చింతపండు అన్నీ ఆ కొట్టుకే వెళ్ళాయి. వాటి లెక్క ఖాతాలో లేదు. బాకీ మాత్రం ఉంది.

చట్టం ప్రకారం ఆ భూమి ఆయనదే. దున్నేది మాత్రం షావుకారు పాలేరు. ఏజెన్సీలో భూమి పోవడమంటే సాధారణంగా ఇలాగే ఉంటుంది. ఎవరూ గట్టు దాటి రారు, జెండా పాతరు. పుస్తకం చేయి మారుతుంది, అంతే.

గోస్తని
నేను అనంతగిరి మండలంలో ఉపాధ్యాయుణ్ణి, కొండదొర తెగవాణ్ణి. సాగరతీరం గారూ, మీ మీద నాకు కోపం లేదు. మీరు కనీసం అడిగారు. చాలామంది కొన్నాక, కేసు పడ్డాక అడుగుతారు.

ఒక మాట. గెడ్డ పక్కన అర ఎకరం అన్నారు. ఆ గెడ్డ నీళ్ళు కింద ఎవరి మడిలోకి వెళ్తాయో ఎవరైనా చెప్పారా? మా దగ్గర పల్లంలో గెడ్డ వారగా మెట్లు మెట్లుగా మళ్ళు ఉంటాయి. పై మడి వాళ్ళు గట్టు తెంపి నీళ్ళు వదిలితేనే కింది మడి తడుస్తుంది. పైన ఒకాయన తోటబంగళా కట్టి, ఈత కొలను కోసం మోటారు పెట్టి గెడ్డను లాగేస్తే కింద ఏడెనిమిది ఇళ్ళ వరి పోతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. మా పక్క ఊళ్ళో జరిగింది. అక్కడా పట్టా గిరిజనుడిదే.

"అర ఎకరమే కదా" అనిపిస్తుంది. నిజానికి ఎప్పుడూ అర ఎకరమే.

గట్టుదారి
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. నా బాధ కూడా వినండి. మా తాతగారు 1950ల్లో గోదావరి మైదానం నుంచి అడ్డతీగల వైపు వచ్చారు. అడవి కొట్టలేదు, ఎవరినీ వెళ్ళగొట్టలేదు, ఉన్న రైతు దగ్గర డబ్బిచ్చి కొన్నారు. ఆ దస్తావేజు ఇప్పటికీ ఇంట్లో ఉంది. మూడు తరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోతున్నాం. మా చెల్లెలి పెళ్ళికి రెండెకరాలు అమ్ముదామంటే కొనగలిగినవాడు లేడు, కొనే హక్కున్నవాడికి డబ్బు లేదు. మేం దోపిడీదారులమా? ఇక్కడ అందరూ 1/70 అనగానే దండం పెడతారు. దాని కింద నలిగేవాళ్ళం మేమూ ఉన్నాం.

నల్లకోటు
మీ తాతగారి లావాదేవీ 1/70 అమల్లోకి వచ్చిన 1970 ఫిబ్రవరి 3కు ముందుది. దస్తావేజు సరైనదై, అప్పటికే ఉన్న 1917 ఏజెన్సీ భూముల చట్టాన్ని, 1959 రెగ్యులేషన్‌ను దాటి రాకపోతే దాన్ని ఎవరూ కదపలేరు. చిక్కల్లా ఒకటే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసే భారం మీది. మామూలు కోర్టు లెక్కకు ఇది తలకిందులు. దీన్ని సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు సరైనదేనని నిలబెట్టింది. కొనే గిరిజనుడు దొరకకపోతే ప్రభుత్వమే తీసుకుని పరిహారం ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. అది ఎంతవరకు అమలవుతుందో మీకే బాగా తెలుసు.

పాత తాలూకా
గట్టుదారి గారి లాంటి కుటుంబాలు ఉన్నాయి, కాదనను. విచారణల్లో కూడా చూశాను. కానీ ఆ రుజువు భారం ఎందుకు తిరగేశారో ఒక్కసారి ఆలోచించండి. ఆ ఇనుప పెట్టె కథలో కాగితం ఎవరి దగ్గర ఉంది? షావుకారు దగ్గర. సాక్షులు? షావుకారు మనుషులే. భూమి పోగొట్టుకున్నవాణ్ణి "నీదని నిరూపించు" అంటే ఏం చూపిస్తాడు? గొడ్డలి చూపిస్తాడా?

ఈ చట్టాలు దయతో కూడా రాలేదు. తెల్లవాళ్ళు 1917లో ఏజెన్సీ భూముల చట్టం తెచ్చారంటే అంతకుముందు రంప ఫితూరీ (తిరుగుబాటు) వాళ్ళకు నిద్ర లేకుండా చేసింది కాబట్టి. 1879లో ఆ ఫితూరీ మొదలైంది దేని మీదో తెలుసా? కల్లు మీద. ఇంటి ముందు చెట్టు గీసుకుని తాగే కల్లుకు పన్ను వేసి, ఆ వసూలును మైదానం నుంచి వచ్చిన గుత్తేదారులకు అప్పజెప్పారు. దాని పక్కన బాకీ కేసులు. కొండ మీది మనిషి ఎప్పుడూ చూడని కోర్టు, చదవలేని సమన్లు. రాలేదని డిక్రీ. డిక్రీతో పశువులను తోలుకుపోవడం. మన్యం అంటే అల్లూరి గుర్తుకొస్తారు, మంచిదే. ఆయన 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా మూడు రోజులు పడ్డప్పుడు వెంట నడిచిన గంటందొర, మల్లుదొరలను మాత్రం చాలామంది మరిచిపోతారు. వాళ్ళకు ఠాణా కన్నా ముందు తగిలింది అటవీ చట్టం, పోడు మీద నిషేధం, కూలి సరిగా ఇవ్వని రోడ్డు పని.

ఉట్నూరు దారి
ఇక్కడ అంతా విశాఖ మన్యమే నడుస్తోంది, మా వైపు కూడా ఒక మాట. నేను గోండును. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను కాల్చి చంపారు. ఆయన చనిపోయాక నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుణ్ణి పంపించి, వీళ్ళు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమంది. ఆయన మా ఊళ్ళలో ఉండి నివేదికలు రాశాడు. పట్టాలు ఇవ్వడం, గోండీ నేర్పే బడులు పెట్టడం, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, అన్నీ ఆ తర్వాతే. మనిషిని చంపాక కారణం అడగడం మాకు కొత్త కాదు.

వకీలు గారు చెప్పిన 1959 రెగ్యులేషన్ (1/59) తెలంగాణకు 1963 డిసెంబరు నుంచి వర్తించింది. అయినా మా ఆదిలాబాద్ నల్లరేగడి మీద వలస ఆగలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి సభ పెట్టుకుంటే కాల్పులు జరిగాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. మా పెద్దవాళ్ళు చెప్పే లెక్క దానికి చాలా రెట్లు. చనిపోయినవాళ్ళ గుర్తుగా కట్టిన మొదటి స్తూపాన్ని పేల్చేస్తే మళ్ళీ కట్టారు. ఏప్రిల్ 20 వచ్చిందంటే చాలా ఏళ్ళ పాటు అక్కడ 144 సెక్షన్ ఉండేది. మా అమ్మ ఆ రోజు ఇంట్లోంచే స్తూపం వైపు తిరిగి నీళ్ళు వదిలేది.

వాంకూవర్ వాన
ఆసక్తిగా చదువుతున్నాను. నేనుండే బ్రిటిష్ కొలంబియాలో సిల్కోటిన్ జాతి వాళ్ళు కోర్టుల్లో పోరాడి 2014లో కెనడా సుప్రీంకోర్టు చేత ఒక పెద్ద ప్రాంతం మీద తమ హక్కును ఒప్పించుకున్నారు. కలప కోసం చెట్లు కొట్టే లైసెన్సుల దగ్గర మొదలైన గొడవ అది. ఇక్కడ ఆఫీసు సమావేశం మొదలయ్యే ముందు "ఈ నేల ఫలానా జాతులది" అని ఒకరు చదువుతారు. అందరం తలలు వంచుకుని వింటాం. ఆ తర్వాత పని మొదలు. అద్దె మాత్రం ఎవరికీ పోదు.

ఉట్నూరు దారి
చదవడమైనా చదువుతున్నారు. మాకు బోర్డు మీద "ప్రవేశం నిషిద్ధం, అటవీ శాఖ" అని ఉంటుంది.

గట్టుదారి
చరిత్ర అంతా బాగుంది. ఇప్పటి మాట మాట్లాడదాం. నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్ళే వార్త నెలకొకటి వస్తుంది. రెండు కర్రలు, ఒక దుప్పటి, కొండ దిగేదాకా ఆరేడు కిలోమీటర్లు. బయటి పెట్టుబడి రాకుండా, గని రాకుండా, హోటల్ రాకుండా అక్కడికి రోడ్డు ఎలా వస్తుంది? భూమిని అద్దాల పెట్టెలో పెట్టి కాపాడితే మనిషి ఆకలితో ఉండిపోతాడు. ఈ ప్రశ్నకు మాస్టారు సూటిగా జవాబు చెప్పాలి.

గోస్తని
చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

డోలీ కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా పిన్ని కూతురిని మోశాం. వాన. ముందు కర్ర నాది. మూడో వంపు దగ్గర కాలు జారితే మోకాలి చిప్ప మీద పడ్డాను, డోలీని మాత్రం వదల్లేదు. కాబట్టి డోలీ గురించి నాకు పత్రికలు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. నా చిన్నప్పుడు బొర్రా చుట్టుపక్కల కాల్సైటు క్వారీలు ఉండేవి. క్వారీ దాకా రోడ్డు ఉండేది, లారీ వెళ్ళేది. క్వారీ నుంచి మా గూడేనికి కిలోమీటరున్నర. ఆ కిలోమీటరున్నర మీద ఒక్క తట్ట మట్టి పడలేదు. తుప్పలు, రాళ్ళు, వానాకాలంలో మోకాలి లోతు బురద. మధ్యాహ్నం పేలుళ్ళ వేళకు బడి గంట కొట్టి పిల్లలందరినీ లోపల కూర్చోబెట్టేవారు. రేకుల మీద రాళ్ళ నలుసులు చిటపటమని పడేవి, మేం వాటిని లెక్కపెట్టేవాళ్ళం. ఆ లెక్కే నాకు వచ్చిన మొదటి లెక్క. మా ఊరి వాళ్ళు తమ భూమిలోనే రోజుకూలీకి రాళ్ళు కొట్టారు.

మా ముందు నుంచి రైలు కూడా పోతుంది. కొత్తవలస–కిరండూల్ లైను. 1960ల్లో వేశారు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి. ఇప్పుడు దానికి అద్దాల పెట్టె తగిలించి పర్యాటకులను తెస్తున్నారు, బాగుంది. గట్టుదారి గారూ, ఆ లైను వచ్చి అరవై ఏళ్ళు. పెట్టుబడి వస్తే రోడ్డు దానంతటదే వస్తుందన్న లెక్క నిజమైతే మా పిన్ని కూతురు డోలీ ఎక్కేది కాదు. రోడ్డు వెళ్ళేది ఖనిజం దాకా. మనిషి దాకా రావాలంటే దానికి వేరే ఉద్దేశం ఉండాలి.

ఆ క్వారీల మీదే సమత అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు. వకీలు గారు దాన్ని నాకన్నా బాగా చెబుతారు.

నల్లకోటు
చదువుకునే రోజుల్లో ఆ తీర్పును మూడు రాత్రులు చదివాను. మొత్తం వివాదం ఒక్క మాట మీద తిరిగింది: "వ్యక్తి". రెగ్యులేషన్‌లో "ఏ వ్యక్తీ గిరిజనేతరుడికి బదిలీ చేయకూడదు" అని ఉంది. ప్రభుత్వం ఏమందంటే, మేం వ్యక్తి కాదు, ప్రభుత్వం. ప్రభుత్వ భూమిని మా ఇష్టం వచ్చినవాళ్ళకు గని లీజుకు ఇచ్చుకుంటాం అంది. జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒప్పుకోలేదు. ఆ "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా ఉందన్నారు. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా, అటవీ భూమి అయినా ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇవ్వకూడదు. తవ్వితే ప్రభుత్వ ఖనిజ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వుకోవాలి. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం నీటికి, బడికి, వైద్యానికి, రోడ్లకు పక్కన పెట్టాలి. గట్టుదారి గారు అడిగిన రోడ్డు ఆ తీర్పులోనే ఉంది.

గిరిజనుడి భూమిని షావుకారు నుంచి కాపాడటానికి రాసిన చట్టం చివరికి ప్రభుత్వం చేతిని పట్టుకుంది. రాసినవాళ్ళు కూడా ఇంత దూరం అనుకుని ఉండరు.

గట్టుదారి
ప్రభుత్వ సంస్థ తవ్వవచ్చు కదా మరి. అంటే గని తప్పు కాదు, ప్రైవేటుదే తప్పన్నమాట.

గోస్తని
ఆ సందులోంచే బాక్సైటు వచ్చింది. ప్రభుత్వ సంస్థ తవ్వుతుంది, మట్టిని కొండ కింద, షెడ్యూల్డ్ ప్రాంతం బయట కట్టే ప్రైవేటు ఫ్యాక్టరీకి అమ్ముతుంది. 2005లో ఒక ఒప్పందం, 2007లో మరొకటి. తీర్పులో అక్షరం చెడలేదు. ప్రాణమే పోయింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల... ఈ పేర్లు పటంలో చూసేవాళ్ళకు నిక్షేపాలు. మాకు నీళ్ళ తొట్లు. ఆ కొండల నెత్తిన ఉన్న బాక్సైటు పొర స్పంజిలాంటిది. వానను తాగి, ఎండాకాలం దాకా కొంచెం కొంచెంగా గెడ్డల్లోకి వదులుతుంది. నెత్తి కోసేస్తే వాన వచ్చిన రోజు వరద, మర్నాటి నుంచి ఎండు గెడ్డ. గోస్తని, శారద, మాచ్‌ఖండ్ నదులన్నీ ఈ కొండల మీదే పుడతాయి. విశాఖ తాగే నీళ్ళలో కూడా మా కొండ వాటా ఉంది సాగరతీరం గారూ.

2015 నవంబరులో జెర్రెల కోసం 1,212 హెక్టార్ల అడవిని ఇస్తూ జీఓ 97 వచ్చింది. ఆ నెలంతా ఏజెన్సీలో ఎవరూ సరిగా పొలం పనికి వెళ్ళలేదు. ముందు దాన్ని పక్కన పెట్టారు, 2019లో రద్దు చేశారు. మా ఊరి పెద్ద ఒకాయన రద్దయిందని చెబితే నమ్మలేదు. "కాగితం చింపారా, మడిచి పెట్టారా?" అని అడిగాడు.

నాగావళి
మాది పార్వతీపురం, అత్తవారిది ఒడిశాలోని రాయగడ. సరిహద్దు కాబట్టి అక్కడి నియమగిరి కొండ గురించి నేను చెప్పకపోతే తప్పవుతుంది. మా మామగారి కిరాణాకు ఆ కొండ మీది గిరిజనులు, డోంగ్రియా కొంధులు, అల్లం, పసుపు, అనాస తెచ్చేవారు. ఆడవాళ్ళ జడ నిండా పిన్నులు, మెడలో రింగులు, మీద ఎరుపు, ఆకుపచ్చ కుట్టుపనితో తెల్లటి శాలువా. మా మామగారు వాళ్ళ దగ్గర బేరం ఆడేవారు కాదు. మంచితనం అనుకునేరు. వాళ్ళు చెప్పిన ధర ఇవ్వకపోతే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయేవారు, ఇంకోసారి మా కొట్టు గుమ్మం ఎక్కేవారు కాదు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: ఆ కొండ మీద బాక్సైటు తవ్వడం వల్ల వాళ్ళ దేవుడి మీద, వాళ్ళ హక్కుల మీద ఏ ప్రభావం ఉంటుందో గ్రామసభలే తేల్చాలి. కొండ మీద వందకు పైగా ఊళ్ళుంటే ఒడిశా ప్రభుత్వం పన్నెండింటిని ఎంచింది. ఏడు రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో. జిల్లా న్యాయమూర్తి స్థాయి అధికారి పరిశీలకుడుగా కూర్చోవాలి. జూలై, ఆగస్టుల్లో వానల్లో జరిగాయి సభలు. ఒక సభకు మా బావమరిదితో నేను కూడా వెళ్ళాను. టార్పాలిన్ కింద బల్ల, బల్ల మీద కాగితాలు ఎగరకుండా రాయి. చుట్టూ పోలీసులు, ఛానళ్ళ వాళ్ళు. ఊరి వాళ్ళు గొడుగులు ముడుచుకుని కింద కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి తమ భాష కువిలో మాట్లాడుతున్నారు, ఒకాయన ఒడియాలోకి చెబుతున్నాడు, గుమాస్తా రాస్తున్నాడు. ఒక ముసలామె చాలాసేపు మాట్లాడింది. చెట్ల పేర్లు, గెడ్డల పేర్లు, దుంపల పేర్లు అని మాత్రం నాకు తెలిసింది. చెప్పేవాడు దాన్నంతా ఒక్క వాక్యంలో తేల్చేశాడు: "కొండను ఇచ్చేది లేదంటోంది." ఆమెకు అనుమానం వచ్చింది. ఇంత మాట్లాడితే అంతేనా అన్నట్టు ఆయన వైపే చూస్తూ నిలబడింది, కూర్చోదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది.

పాత తాలూకా
గుమాస్తా ఆ పేర్లన్నీ రాశాడా?

నాగావళి
ఒక్కటి కూడా రాసినట్టు లేదండి. కలం ఆగిపోయి ఉంది. అది మాత్రం చూశాను.

శబరి గట్టు
చింతూరు వైపు కోయవాణ్ణి. మాకు గ్రామసభ తీర్మానాలు కూడా కాపు కాయలేదు. 2014లో మా మండలాలను తెలంగాణ నుంచి తెచ్చి ఆంధ్రలో కలిపారు, పోలవరం కోసం. ముంపు కింద ఇల్లు, పొలం పోతే లెక్క ఉంటుంది. ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, వెదురు, చేప, దేనికీ లెక్క లేదు. ఇంకొకటి ఇక్కడ ఎవరూ అనలేదు. పునరావాస కాలనీని షెడ్యూల్డ్ ప్రాంతం బయట కడితే అక్కడ మీరు చెప్పే 1/70 వర్తించదు. నిన్నటి దాకా ఎవరూ కొనలేని భూమి ఉన్నవాడికి ఇవాళ ఎవరైనా కొనగలిగే భూమి ఇచ్చారన్నమాట. బయట పెద్ద అప్పులిచ్చేవాళ్ళు ఎదురుచూస్తుంటారు. 2022 జూలై వరదలో మా ఇంటి దూలం దాకా నీళ్ళు వచ్చినప్పుడు ఇవన్నీ బాగా ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది, కొండ మీద టార్పాలిన్ కింద.

గట్టుదారి
శబరి గట్టు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. డోలీ మాట వెనక్కి తీసుకోను, రోడ్డు కావాలి. కానీ రోడ్డుకూ భూమికీ ముడి పెట్టింది నేనే అని ఒప్పుకుంటున్నాను.

మాస్టారూ, ఇంకో ప్రశ్న, వాదనకు కాదు. కాఫీ ఎలా కుదిరింది మరి? అదీ బయటి నుంచి వచ్చిందే కదా.

గోస్తని
మంచి ప్రశ్న. కాఫీ మా పంట కాదు, మా తాతలు పోడులో సామ, చోళ్ళు, కంది వేసుకున్నారు. కాఫీ బయటి నుంచే వచ్చింది. కానీ భూమి మారలేదు. కూర్గులో, చిక్కమగళూరులో తోట ఒకరిది, కూలి మరొకరిది. ఇక్కడ ఒకటి, రెండు ఎకరాల తోటలే, ఎవరి తోటలో వాళ్ళే పండ్లు కోస్తారు. కారణం 1/70. వందల ఎకరాల ఎస్టేటు కొనడానికి ఎవరికీ వీలు లేదు కాబట్టి కొనేవాడు పంటనే కొనాలి. దళారి తూకంలో మోసం చేయడా? చేస్తాడు. గిరిజన సహకార సంస్థ మంచి ధర ప్రకటించిన ఏడాది ఆ దళారే కాళ్ళ బేరానికి వస్తాడు. భూమి చేతిలో ఉంటే పోట్లాడటానికి ఇంకో ఏడాది ఉంటుంది.

2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట వేదిక మీద నుంచి రాగానే ఏజెన్సీలో బంద్ జరిగింది. మా ఊరి కాఫీ రైతులు నడిచి వెళ్ళి రోడ్డు మీద కూర్చున్నారు. సవరించబోమని ప్రభుత్వం చెప్పింది. ఆ రోజు సంత కూడా లేదు, ఉప్పు లేకుండా తిన్నాం.

బడి గురించి కూడా రాద్దామనుకున్నాను. ఏజెన్సీలో ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీఓ 3 కింద ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి. 2020 ఏప్రిల్‌లో దాన్ని కోర్టు కొట్టేసింది. పిల్లవాడి ఇంటి భాష తెలిసిన మాస్టారు ఉండటం వేరు, లేకపోవడం వేరు. దాని మీద వేరే చర్చ పెడతాను. ఇక్కడ ఆ అర ఎకరం తేలాలి.

సాగరతీరం గారూ, సర్వే నంబరు నాకు విడిగా పంపండి.

నిర్వాహకుడు
సర్వే నంబర్లు, పట్టాదారుల పేర్లు బహిరంగంగా పెట్టకండి. పెట్టిన ఒకటి తొలగించాం.

సాగరతీరం
పది రోజులు కనిపించలేదు, క్షమించండి. జరిగింది రాస్తాను.

మాస్టారు నంబరు చూసి అడంగల్ (ఊరి భూముల రికార్డు) తీయించారు. పట్టా ఒక ముసలామె పేరు మీద ఉంది. అగ్రిమెంటు మీద వేలిముద్ర వేసిందని నాకు చూపించిన మనిషి ఆమె అల్లుడు. మాస్టారు, నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాం. ఆమె వాకిట్లో కాఫీ పండ్లు ఆరబోసి కర్రతో తిప్పుతోంది. మాస్టారు వాళ్ళ భాషలో ఏదో చెబుతూ నన్ను చూపించి "బ్యాంకు" అన్నారు, నా ఉద్యోగం గురించి. ఆమె లోపలికి వెళ్ళింది. పాత చీర ముక్కలో చుట్టిన మూట తెచ్చి నా ముందు విప్పింది. పొదుపు సంఘం బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు, మందుల చీటీ. సంఘం అప్పు వాయిదా అడగడానికి వచ్చాననుకుంది. వాయిదా కట్టిన రసీదు తీసి వేలితో చూపించింది.

భూమి పాసుపుస్తకం లేదు. రైతుల డబ్బు పడేలా రాయిస్తానని అల్లుడి స్నేహితుడు తీసుకెళ్ళాడట. ఎప్పుడని అడిగితే చిక్కుడు కొత్త పండగకు ముందు అంది. ఆ స్నేహితుడే నాకు భూమి చూపించిన ఆయన. ఆయన అమ్మజూపుతున్న ఆ అర ఎకరంలోనే ఆమె పండ్లు కోసుకొచ్చి ఆరబోసింది.

కిందకు దిగి ఆయన్ని పట్టుకున్నాను. బయానా తిరిగి ఇవ్వనన్నారు, పుస్తకం మాత్రం ఇచ్చారు. మాస్టారు తీసుకెళ్ళి ఆమెకు ఇచ్చారు. మా ఆవిడ ఇరవై వేల గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అదే కష్టంగా ఉంది.

పాత తాలూకా
పుస్తకం ఎక్కడ నుంచి తీసి ఇచ్చాడు?

సాగరతీరం
స్కూటరు సీటు కింద సంచి ఉంది. అందులోంచి.

పాత తాలూకా
సంచిలో అదొక్కటేనా?

సాగరతీరం
కాదండి. వెతికి తీశారు.